వ్యాపారములో నీతి – మన ముంగిట నిలిచిన ప్రశ్నలు

(ప్రొద్దుటూరులో జరిగిన సంఘ సభ్యుల కూటమునందు చేసిన ప్రసంగము)



ఈ అంశమును నాకు ఇచ్చినారని తెలిసి, అంగడి పెట్టుకొని బ్రదుకుచున్న మన సంఘ పెద్ద ఒకరు నవ్వి, "అయ్యగారూ, బేరము సంగతి మీకేమి తెలుసు? కానుక పళ్ళెములో చిల్లర లెక్కబెట్టడము తప్ప!" అన్నారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. వేదాంత కళాశాలలో నీతిశాస్త్రము ఒక పాఠముగా చదివినాను గాని, కంపెనీవారి జమాఖర్చుల పట్టీ చదువుట నాకెవరును నేర్పలేదు. అయినను నేను కాటా ప్రక్కన పెరిగినవాడను. మా నాయన ఈ ఊరిలోనే ఒక జిన్నింగు మిల్లులో హమాలీ. రైతు తెచ్చిన పత్తి మూటను కాటామీద పెట్టినప్పుడు, తేమకింత, తాలుకింత, మచ్చుకు ఒక పిడికెడు అని తీసివేయుచుండేవారట. అదే పత్తి బేళ్ళుగా మారి లారీ ఎక్కునప్పుడు ఆ తీసివేతలు ఏమియు ఉండవు. మా నాయన చదువుకొన్నవాడు కాడు. "కాటా అబద్ధమాడదురా, దాని ప్రక్కన నిలబడినోడు ఆడుతాడు" అనేవాడు. కొనుటకు ఒక తూనిక, అమ్ముటకు ఒక తూనిక పెట్టుకొనువారిమీద ఆమోసు ప్రవక్త ఎందుకంత మండిపడినాడో నాకు కళాశాలకు పోకముందే తెలిసినది.

ప్రొద్దుటూరు బంగారపు ఊరు. రెండవ బొంబాయి అని మనవారు గర్వముగా చెప్పుకొందురు. పెండ్లి కుదిరితే చుట్టుప్రక్కల జిల్లాల నుండియు జనము ఇక్కడికి వచ్చెదరు. నగ చేయించుకొను తల్లికి రెండు మాటలు ఎప్పుడును అంతుబట్టవు: ఒకటి మజూరి, రెండవది తరుగు. పనిలో పోయిన బంగారమునకు తరుగు వేయుట న్యాయమే. ఎంత పోయినదో చూచినవాడు మాత్రము అంగడివాడొక్కడే. పూర్వము నగలో టంకము ఎంత, బంగారము ఎంత అనునది నమ్మకముమీద నడిచినది. ఇప్పుడు 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరముల గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్కు నగను అంగడిలో అమ్మరాదను నిబంధన వచ్చినది. 916 అని ముద్ర ఉంటే 22 క్యారెట్లని చదువురాని అవ్వ కూడ ఇప్పుడు చెప్పుచున్నది. మంచిదే. ముద్ర వచ్చుటవలన స్వచ్ఛత సంగతి తేలినది, తరుగు సంగతి తేలలేదు. చట్టము ఒక తలుపు మూసిన తరువాత ఏ తలుపు తెరిచియున్నదో అక్కడనే మన మనస్సాక్షికి పని ఉన్నదని నా అభిప్రాయము. ఈ కూటములో బంగారు పని చేయువారు నలుగురైదుగురు ఉన్నారు. వారు నామీద కోపగించుకొనవద్దు. నేను చెప్పవలసిన పెద్ద సంగతి వారి గురించి కాదు.

అంగడివాని తప్పును పట్టుకొనుట సులభము. అతని ముఖము మనకు తెలియును. అతని ఇల్లు, అతని పిల్లలు మనకు తెలియును. ఊరు నోరు విప్పితే అతడు తల దించుకొనవలెను. కంపెనీ అనునది అట్లు కాదు. చట్టము దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. అది ఆస్తి కొనగలదు, దావా వేయగలదు, అప్పు తీసికొనగలదు. తల దించుకొనుట మాత్రము దానికి రాదు. బోర్డుమీద "లిమిటెడ్" అను మాట చూచుచుందుము గదా. దాని అర్థము, వాటాదారుడు పెట్టిన సొమ్ము వరకే అతని బాధ్యత అని. ఆ ఏర్పాటు లేకపోతే పెద్ద పరిశ్రమలు పుట్టేవి కావు, అది నేను ఒప్పుకొందును. అయితే నష్టము జరిగిన దినమున మేనేజరు పైవారి ఆజ్ఞ అనును, పైవారు బోర్డు తీర్మానము అనును, బోర్డువారు వాటాదారుల లాభము అనును, వాటాదారుడు నాకేమి తెలుసు అనును. ఏదెనులో దేవుడు అడిగినప్పుడు ఆదాము హవ్వను చూపెను, హవ్వ సర్పమును చూపెను. పద్ధతి పాతదే.

2009 జనవరి 7న సత్యము కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజుగారు తానే ఉత్తరము వ్రాసి, కంపెనీ లెక్కలలో లేని సొమ్మును ఉన్నట్లు చూపినామని ఒప్పుకొన్నారు. బ్యాంకులో ఉన్నదని చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. అంతకు కొద్ది నెలల ముందే, 2008లో, ఉత్తమ కంపెనీ పరిపాలన నడుపుచున్నదని ఆ సంస్థకు బంగారు నెమలి బహుమానము వచ్చియుండెను. తరువాత దానిని వెనుకకు తీసికొన్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు న్యాయస్థానము పదిమందికి ఏడేండ్ల శిక్ష విధించినది. నన్ను కలతపెట్టునది శిక్ష కాదు. మన పల్లెలలో పురిటి నొప్పుల తల్లిని ఆసుపత్రికి చేర్చుచున్న 108 బండి 2005లో ఆ కుటుంబము చొరవతోనే మొదలైనది. ఆ బండివలన బ్రదికినవారు ఈ సభలోనే ఉండవచ్చును. మంచి పని నిజమే, అబద్ధపు లెక్కయు నిజమే, రెండును ఒకే చేతినుండి వచ్చినవి. దానము చేయువాడు గనుక లెక్క అడుగరాదు అను మన అలవాటునుబట్టియే ఆ అబద్ధము అంతకాలము దాగియుండెనని నేను అనుకొనుచున్నాను.

ఇక మన ముంగిటికి వచ్చెదము. పులివెందులకు దగ్గరనే వేముల మండలములో తుమ్మలపల్లె ఉన్నది. అక్కడి యురేనియము గని సంగతి మీకు తెలిసినదే. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది, 2007లో శంకుస్థాపన జరిగినది, 2012లో శుద్ధి కర్మాగారము పని ఆరంభించినది. నడుపునది యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, 1967లో పుట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. అనగా ఇది ఎవరో పరాయి షావుకారు కంపెనీ కాదు. అది తీయు యురేనియముతో దేశమునకు విద్యుత్తు తయారగును. మన ఇంట బల్బు వెలిగినప్పుడు ఆ లాభములో మనకును వాటా ఉన్నది. కనుక దీనిని గురించి మాట్లాడునప్పుడు నేను గట్టు మీద నిలబడి రాయి విసరుటలేదు.

పని ఎట్లు జరుగునో కొంచెము వినండి. అక్కడి రాతిలో యురేనియము చాలా తక్కువ. ఒక టన్ను రాయిని పొడిచేసిన, అరకిలోకంటె తక్కువే వచ్చును. ఆ రాయి సున్నపు జాతిది గనుక ఆమ్లము పోసిన లాభము లేదు. క్షార ద్రావణములో, వేడిమితోను ఒత్తిడితోను కరిగించి తీయుదురు. దినమునకు 3,000 టన్నుల రాతిని శుద్ధి చేయునట్లు కర్మాగారమును నిర్మించినారు. అరకిలో తీసికొన్న తరువాత మిగిలిన రాతిపొడి, దానితో కలిసిన రసాయనములు, రేడియమువంటి మిగిలిన ధాతువులు, ఇవన్నియు బురదగా మారి గొట్టములగుండా ఒక చెరువునకు చేరును. దానిని టెయిలింగు పాండు అందురు. గని మూసివేసి కంపెనీ వెళ్ళిపోయినను ఆ చెరువు ఇక్కడనే ఉండును. ముని మనుమలవరకు దానికి కాపలా ఉండవలసినది కంపెనీ వాటాదారుడు కాడు, ఆ పల్లెవాడు.

ఆ చుట్టుప్రక్కల అరటి తోటలు, చీనీ తోటలు. కె.కె.కొట్టాలు, మబ్బుచింతలపల్లె, కనంపల్లె, భూమయ్యగారిపల్లె – ఈ ఊళ్ళ రైతులు బోరునీళ్ళు మారినవని, పంట ఎండుచున్నదని, ఒంటికి దద్దులు, దురదలు వచ్చుచున్నవని ఏండ్ల తరబడి మొరపెట్టినారు. హైదరాబాదులోని రసాయన పరిశోధన సంస్థలో పనిచేసి విరమించిన శాస్త్రవేత్త కె. బాబూరావుగారు 2018లో కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరము వ్రాసి, చెరువు అడుగున నీరు ఇంకకుండ వేయవలసిన పొర అనుమతి షరతుల ప్రకారము వేయలేదని చెప్పినారు. 2019లో మండలివారు కంపెనీకి నోటీసు ఇచ్చినారు. నిపుణుల సంఘము వచ్చి చూచినది. కంపెనీవారు ఒప్పుకొనలేదు. అడుగున తగిన బంకమట్టి పొర ఉన్నదని, ఆ ప్రాంతపు రాతిలోనే యురేనియము ఉన్నది గనుక భూగర్భ జలములో అది సహజముగానే కనబడునని వారి వాదన.

నేను శాస్త్రజ్ఞుడను కాను. ఏ బోరులో ఎంత ఉప్పు ఎక్కడినుండి వచ్చినదో ప్రసంగ వేదికమీద తేల్చువాడను కాను. అయితే నీతిశాస్త్రము చదివినవాడుగా ఒకటి అడుగగలను. రుజువు చేయవలసిన భారము ఎవరిది? రైతుకు ప్రయోగశాల లేదు. అతనికి ఉన్నది ఒక చెంబు, ఒక నాలుక. నీళ్ళు చప్పగా ఉన్నవా, ఉప్పగా ఉన్నవా అని చెప్పగలడు, అంతే. కంపెనీకి యంత్రములున్నవి, నిపుణులున్నారు, పని మొదలుపెట్టకముందు ఆ బోర్లలో నీరు ఎట్లుండెనో చూపగల లెక్కలు ఉండవలెను. బలవంతుడు తన లెక్కను తెరచి చూపక, బలహీనుని రుజువు తెమ్మనుట మిల్లు కాటా దగ్గర మా నాయన చూచినదే. ఇంకొక సంగతి. అణు కర్మాగారముల భద్రతను చూచు నియంత్రణ మండలి అణుశక్తి కమిషనుకు జవాబుదారి. ఆ కమిషను అధ్యక్షుడే అణుశక్తి శాఖకు కార్యదర్శి. ఆ శాఖ క్రిందనే ఈ కంపెనీ ఉన్నది. 2012లో కేంద్ర ఆడిటరు జనరలు నివేదిక కూడ ఈ నియంత్రణ మండలికి తగిన స్వాతంత్ర్యము లేదని ఎత్తిచూపినది. కాటా పట్టువాడు, సరుకు అమ్మువాడు ఒకే ఇంటివారైతే, కాటా నిజముగా సరిగా ఉన్నను కొనువానికి నమ్మకము కలుగదు. ఆ అపనమ్మకమును అజ్ఞానమని తీసిపారవేయరాదు.

ఇటువంటి సంగతులను పట్టించుకొననిచో ఏమగునో దేశము చూచియున్నది. 1984 డిసెంబరులో భోపాలు. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖపట్నములో ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీను వాయువు వెలువడి పన్నెండుమంది పోయినారు. రెండు చోట్లను నిద్రలో ఉన్నవారే పోయినారు.

జమ్మలమడుగు కథ వేరు. అక్కడ కర్మాగారము వచ్చి బాధించుట కాదు, రాకపోవుటయే బాధ. 2007లో బ్రహ్మణి ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసి పదివేల ఎకరములకు పైగా భూమి ఇచ్చినారు. కర్మాగారము రాలేదు, భూమి కేటాయింపు తరువాత రద్దయినది. 2014 విభజన చట్టములో కడప జిల్లాలో ఉక్కు కర్మాగారమునకు వీలున్నదా అని ఆరు నెలలలో పరిశీలింపవలెనని వ్రాసినారు. 2018 డిసెంబరు 27న ఎం.కంబాలదిన్నె దగ్గర ఒక శంకుస్థాపన, 2019 డిసెంబరు 23న సున్నపురాళ్ళపల్లె దగ్గర ఇంకొకటి, 2023 ఫిబ్రవరి 15న అదే సున్నపురాళ్ళపల్లెలో జె.ఎస్.డబ్ల్యూ. కంపెనీతో మరియొకటి. పదహారేండ్లలో నాలుగు సార్లు కొబ్బరికాయ కొట్టినారు. పార్టీల పేర్లు నేను ఎత్తను. అన్నివైపులవారును మన సంఘములలో ఉన్నారు. పాస్టరుగా నాకు కనబడునది పిల్లలు. ఉక్కు ఫ్యాక్టరీ వచ్చునని ఐ.టి.ఐ. చదివి, ఒక్కొక్క శంకుస్థాపనకు ఒక్కొక్క ఆశ పెట్టుకొని, చివరకు కువైటు విమానము ఎక్కిన కుర్రవాండ్రకు నేను ప్రార్థన చేసి పంపియున్నాను. మాట ఇచ్చి తప్పినందుకు ఏ చట్టమునందును కంపెనీకి శిక్ష లేదు. నాబోతు ద్రాక్షతోటకు అహాబు మంచి ధరయే ఇవ్వజూపెనని మనము మరచిపోవుచుందుము. అతడు ధర తక్కువని వద్దనలేదు. పితరుల స్వాస్థ్యమని వద్దన్నాడు. మనవారు అటువంటి స్వాస్థ్యమును పిల్లల ఉద్యోగముకొరకు వదలుకొన్నవారు. ఉద్యోగము రానప్పుడు వారు పోగొట్టుకొన్నది ధరతో లెక్కకు రాదు.

2013 కంపెనీల చట్టములో 135వ సెక్షను కలదు. 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. సంవత్సరమునకు అయిదు కోట్ల నికర లాభము గాని, వెయ్యి కోట్ల వ్యాపారము గాని, అయిదు వందల కోట్ల నికర ఆస్తి గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ హితమునకు వెచ్చింపవలెను. బడికి బల్లలు, ఊరికి నీళ్ళ ట్యాంకు, వైద్య శిబిరము – ఇవన్నియు ఆ పద్దులో వచ్చుచున్నవి. నేను దానిని తక్కువ చేయను. దశమభాగము ఎగవేయువారున్న మన సంఘములకు ఆ హక్కు లేదు. ఆ చట్టము రెండు వంతులు ఎట్లు ఖర్చుపెట్టినావని అడుగును. తక్కిన తొంబదియెనిమిది వంతులు ఎట్లు సంపాదించినావని అడుగవలసినది ఎవరు? ఊరి బోరు చెడగొట్టి ఊరికి శుద్ధ జల యంత్రము పెట్టించినచో అది దానము క్రిందికి వచ్చునా, బాకీ తీర్చుట క్రిందికి వచ్చునా? జక్కయ్య తన ఆస్తిలో సగము బీదలకిచ్చుట ఒక పద్దు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లించుట ఇంకొక పద్దు. రెండింటిని ఆయన కలిపివేయలేదు.

ఇంతవరకు ఇతరుల లెక్క చెప్పినాను. ఇక నా లెక్క.

నేను పాస్టరుగా పనిచేసిన ఒక ఊరిలో, పేరు చెప్పను, గుడికి నేల వేయించవలసి వచ్చినది. మన సంఘస్థుడే, నాపరాళ్ళ పాలిషు యూనిటు నడుపుకొనుచున్నవాడు, బండలన్నియు ఉచితముగా ఇచ్చినాడు. చక్కటి నల్ల బండలు, అద్దమువలె మెరయుచుండెను. గోడమీద అతని తల్లిదండ్రుల పేర చిన్న రాయి పెట్టినాము. ఆ పని జరుగుచున్న నెలలోనే అతని యూనిటులో కోత మిషను దగ్గర పనిచేయు కుర్రవాని కుడిచేతి మూడు వ్రేళ్ళు పోయినవి. వాడును మన సంఘస్థుడే. వానికి ఇ.ఎస్.ఐ. లేదు, పదిమందికి పైగా పనిచేయుచున్నను పుస్తకములో అయిదుగురే ఉన్నారు. యజమాని ఆసుపత్రి ఖర్చు భరించి, చేతిలో పదివేలు పెట్టి, ఇక అయిపోయినదన్నాడు. వాని తల్లి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరు ఒక్క మాట చెప్పితే వింటాడు" అన్నది. నేను ప్రార్థన చేసి పంపినాను.

ఒక్క మాట చెప్పలేదు. బండలు ఇంకను సగమే వచ్చియుండెను.

తరువాత రెండేండ్లకు, నాకు బదిలీ కాబోవుచుండగా, అతని ఇంటికి పోయి అడిగినాను. అతడు కోపగించుకొనలేదు. "అయ్యగారూ, అప్పుడే అడిగియుంటే ఇచ్చేవాడినే గదా. మీరు ఏమీ అనలేదు గనుక నేను చేసినది సరియేనని అనుకొన్నాను" అన్నాడు. చట్ట ప్రకారము రావలసిన పరిహారము లెక్క కట్టించినాము; అందులో కొంత ఇచ్చినాడు, అంతయు ఇవ్వలేదు. మిగిలిన పనివారి పేర్లు మాత్రము పుస్తకమెక్కించినాడు. ఆ కుర్రవాడు ప్రభువు బల్ల దగ్గర ఎడమచేతితో రొట్టె పుచ్చుకొనును. ఆ నేలమీదనే మోకరించును.

కనుక మన సంఘములలోని చిన్న యజమానులకు, నూనె మిల్లు, మగ్గముల షెడ్డు, బండల యూనిటు, బస్సు సర్వీసు నడుపువారికి నేను చెప్పునది ఇంతే. పెద్ద కంపెనీ సంగతి వచ్చినప్పుడు మనమందరము న్యాయాధిపతులమే. మీ హాజరు పుస్తకములో ఉన్న పేర్లు, మీ షెడ్డులో ఉన్న మనుష్యులు ఒకటేనా చూచుకొనండి. పి.ఎఫ్. పట్టుకొని కట్టకపోవుట దొంగతనమని వేరే చెప్పనక్కరలేదు. పెద్ద కంపెనీలలో ఉద్యోగము చేయుచున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఫోనులో అడుగుచుందురు, "తప్పు కాగితముమీద సంతకము పెట్టుమంటున్నారు, ఏమి చేయమంటారు?" అని. ఉద్యోగము వదలుకొమ్మని చెప్పుట నాకు సులభము. నా జీతము డయాసిస్ ఇచ్చును, వాని అప్పు నేను కట్టను. సంతకము పెట్టకముందు అభ్యంతరమును వ్రాతమూలముగా పెట్టుమని, ఒంటరిగా ఉండక తోటివారితో మాట్లాడుమని, ఇంటి దగ్గర మీవాండ్రకు మేము తోడుంటామని చెప్పుదును. ఆ చివరి మాట నిలబెట్టుకొనవలసినది సంఘము. ఉద్యోగము పోయిన ఇంటికి రెండు నెలలు బియ్యము పంపలేని సంఘము, సత్యము కొరకు నిలబడుమని యౌవనస్థులకు ప్రసంగించుట అన్యాయము.

మన సంఘమునకు ఇటీవల ఒక కంపెనీనుండి ఉత్తరము వచ్చినది. సమాజ హిత నిధినుండి మనకు ఒక కమ్యూనిటీ హాలు కట్టించెదమని, గోడమీద తమ పేరు వేసికొనెదమని వ్రాసినారు. కమిటీలో రెండు రాత్రులు వాదన జరిగినది. కొందరు దేవుడిచ్చినది కాదనవద్దన్నారు. ఒక సహోదరి మాత్రము లేచి, ఆ నేల బండల సంగతి ఆమెకు తెలియదు సుమా, "హాలు కట్టిన తరువాత మనము వారిని ఏదైనా అడుగగలమా?" అన్నది. చివరకు మూడు సంగతులు అడుగుచు జవాబు వ్రాసినాము. మీ కాంట్రాక్టు కూలీలకు కనీస వేతనము, పి.ఎఫ్. అందుచున్నవా? మీ చుట్టుప్రక్కల నీటి పరీక్షల ఫలితములను ఊరివారికి తెలుగులో చూపెదరా? ఈ హాలులో మీకు విరోధముగా రైతులు కూటము పెట్టుకొనదలచిన మీకు సమ్మతమేనా?

ఉత్తరము పోస్టు చేసి మూడు నెలలైనది. ఇంకను జవాబు రాలేదు. హాలుకొరకు చూచిన స్థలములో ప్రస్తుతము మన ఆదివారపు బడి పిల్లలు వేపచెట్టు క్రింద కూర్చొనుచున్నారు.